రెండో దర్వాజ

కింది అంతస్తులో ఎవరో గోడకు డ్రిల్లు పెట్టారు. ఆ అదురు స్తంభాల గుండా పైకి పాకి నా బల్ల దాకా వచ్చింది. గ్లాసులో టీ మీద సన్నని వలయాలు పుట్టి, అంచును తాకి, మళ్లీ మధ్యకు వస్తున్నాయి. జగిత్యాలలో నేను సొంతంగా పెట్టుకున్న ఈ ఆఫీసు కొత్త భవనంలో ఉంది, ఇక్కడ మామూలుగా నేల అదరదు. అదిరే నేల మీద నేను పని నేర్చుకున్నది సిరిసిల్లలో. మరమగ్గాలను ఆ ఊళ్లో సాంచాలంటారు. కింద సాంచాలు పొద్దంతా ఆడుతుంటే పైన మా గ్లాసుల్లో టీ వణుకుతూనే ఉండేది. ఈ ఉదయం నా ముందున్న తెర మీద, కొత్తగా మొదలుపెట్టబోయే పని కోసం తెరిచిన ఖాళీ ఫోల్డరు ఒకటే ఉంది. ఖాళీ ఫోల్డరూ వణికే టీ ఒకేసారి కనబడితే నాకు నుస్రత్ మేడం గుర్తుకు రాక తప్పదు. ఆమె గుర్తుకు వస్తే నా వెన్ను దానంతటదే నిటారవుతుంది. ఆమె ముందు నేను ఏనాడూ కుర్చీకి ఆనుకొని కూర్చోలేదు. మర్యాద వల్ల మాత్రమే కాదు, ఆమె ఏ వైపు నుంచి ఏమి అడుగుతారో తెలియక.

మేడం ఇప్పుడు లేరు. వెబ్‌సైట్లు కట్టే పనిలో నాకు వచ్చినదంతా ఆమె నేర్పినదే, ఆ మాట ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. కానీ ఆమెను నేను నమ్మానా అని అడిగితే మాత్రం ఇప్పటికీ సూటిగా జవాబు చెప్పలేను. ఆమెను ఎన్నడూ చూడనివాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే ముందు నా గురించి, మా ఇంటి గురించి కొంత చెప్పుకోవాలి. ఆమె కూడా నన్ను అక్కడి నుంచే మొదలుపెట్టారు.

మాది సారంగాపూర్ వైపు ఒక ఊరి గడి, అంటే దొరలుండే కోటలాంటి ఇల్లు. తాత ఉన్నన్నాళ్లు ఊళ్లో ఎవరూ ఆయన ముందు గొంతు పెంచలేదు. నాన్న కాలానికి భూములు పోయాయి, తర్వాత గడి పైకప్పు పోయింది, ఆ తర్వాత తలుపులు పోయాయి. గడికి రెండు పెద్ద టేకు దర్వాజలుండేవి. మొదటిది చెదలు పట్టి కట్టెల్లోకి పోయింది. రెండోదాని మీద ఎదురెదురుగా రెండు చిలుకలు చెక్కి ఉండేవి, ఎడమవైపు చిలుకకు ముక్కు విరిగింది. దాన్ని నాన్న పాతసామాన్ల వ్యాపారికి ఇచ్చేశారు. అది చేతులు మారి చివరికి కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలు వాకిట్లో తేలింది. బస్సు ఆ రోడ్డున పోయేటప్పుడు నేను అవతలి వైపు సీట్లో కూర్చుంటాను. ఇంత చెప్పడం ఎందుకంటే, సిరిసిల్లకు పని వెతుక్కుంటూ వెళ్లేనాటికి నాకు మిగిలిన ఆస్తి ఇంటిపేరూ నిటారుగా నిలబడే అలవాటూ మాత్రమే. రెంటినీ ఎవరు ఎక్కడ తగ్గించి చూస్తారోనని కాచుకొని ఉండేవాణ్ణి.

మేడం ఆఫీసు ఒక సాంచాల షెడ్డు మీద ఉన్న పొడుగాటి గది. ఆమెకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. జగిత్యాలలో పుట్టి, కోరుట్లలో మెట్టి, భర్తతో పాటు గల్ఫులో చాలాకాలం ఉండి, అక్కడ ఒక కంపెనీలో ఈ పని నేర్చుకొని వచ్చారు. బురఖా మేకుకు తగిలించి, దారం కట్టిన కళ్లద్దాలు మెడలో వేసుకొని కూర్చునేవారు. నేను వెళ్లిన రోజు నా సర్టిఫికెట్లను తెరవనైనా తెరవలేదు.

"ఏ ఊరు?" అన్నారు.

చెప్పాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకొని నన్ను మళ్లీ చూశారు.

"గడి దొరల ఇంటోనివా?"

"అవును. మనుమణ్ణి."

"మంచిది. సోమవారం సంది రా."

అంతే. పని గురించి ఒక్క ప్రశ్న లేదు. మెట్లు దిగుతుంటే సంతోషానికి బదులు గుచ్చుకునే ఆలోచన ఒకటి వచ్చింది. ఊరి పేరు విని ఉద్యోగమిచ్చిన మనిషి ఆ ఊరి నుంచి ఏదో రాబట్టుకోవాలనుకుంటుంది. ఆఫీసులో నాకంటే ముందు చేరిన గంగాధర్ ఆ మాటను మరింత ఎగదోశాడు. అతడిది కోరుట్ల, తండ్రి దుబాయ్‌లో ఉంటాడు, నోటికి అడ్డూ ఆపూ లేదు. "నన్నైతే గంటలు గంటలు కూసోబెట్టి అడిగింది. నీకేమో ఊరు చెప్పంగనే కుర్చీ. ఏంది దొరా, మా మేడంకు ఏం మందు పెట్టినవ్?" అన్నాడు. ఆ రోజు నుంచి అతడి నోట నా పేరు దొరగానే ఉండిపోయింది. పిలుపులో గౌరవమెంతో వెక్కిరింత ఎంతో తూచడం నా వల్ల కాలేదు.

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. కొత్త పని ఏదొచ్చినా మొదటి రోజు ఎవరూ కంప్యూటర్ ముట్టకూడదు. గదిలో ఒక గోడకు నల్లరంగు వేయించారు మేడం. అందరం ఆ గోడ ముందు నిలబడాలి, చేతిలో ఒక్కో సుద్దముక్క. ముందు పెద్ద నలుచదరపు గడి ఒకటి గీస్తారు, అది మొత్తం పని. దాని లోపల ఫోల్డర్ల గడులు. ఒక్కో ఫోల్డరుకు పేరు పెట్టినవాడు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఇందులోకి ఎవరు వస్తారు? వచ్చినవాడు ఎక్కడ ఆగుతాడు? చెప్పలేకపోతే ఆ గడిని మేడం అరచేత్తో తుడిచేసేవారు. ఒకసారి గంగాధర్ ఒక మూలన గడి గీసి "ఇతరములు" అని రాశాడు.

"మీ ఇంట్ల ఇతరములని అర్ర ఉన్నదా, గంగాధర్?"

"ఉన్నది మేడం. మా నాయిన దుబాయ్ నుంచి పంపిన డబ్బలన్నీ గా అర్రలనే."

"గా డబ్బల నడుమ పాము జొరబడ్డా తెల్వదు."

"పోయినేడు జొరబడ్డది మేడం. మా అవ్వ ఇప్పటికీ గా అర్రకు పోదు."

అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వుతూనే ఆ గడిని తుడిచేశారు. ఆచారంలో ఇంకో భాగం కూడా ఉంది. గోడ మీద గీసినవాడే పని అయ్యాక గోడ తుడిచి, కింద రాలిన సుద్దపొడి ఊడ్చాలి. ఆమె గీస్తే ఆమే ఊడ్చేవారు. ఇది నేను చేరిన వారంలోనే గమనించాను. నా వంతు ఎప్పుడు వస్తుందా అని చూస్తూ ఉన్నాను, ఆ చూపులో ఇష్టం లేదు.

నా వంతు సిరిసిల్ల ఆసాముల పనితో వచ్చింది. ఆసాములంటే కొద్ది సాంచాలు పెట్టుకొని పెద్ద సేట్ల కోసం బట్ట నేసి ఇచ్చేవాళ్లు. సేటు ఇచ్చిందే ధర, సేటు చెప్పిందే మాట. వాళ్లంతా కలిసి ఒక వెబ్‌సైటు కట్టించుకోవాలనుకున్నారు. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల బట్టల దుకాణాలవాళ్లు అందులో బట్టల ఫోటోలు చూసి, నచ్చిన ఆసామిని నేరుగా ధర అడగాలి. ఒక ఆసామి చెప్పిన ధర ఇంకొకరికి కనబడకూడదు. కనబడితే పెద్దవాడు చిన్నవాడికంటే ఒక అడుగు దించి చెప్తాడు, చిన్నవాడి సాంచాలు ఆగిపోతాయి. మా కింది షెడ్డు నడిపే మల్లేశం కూడా ఆ ఆసాముల్లో ఒకడు. ఒక పెద్ద సేటు కూడా వాళ్లతో కలిశాడు, ఖర్చులో పెద్ద వాటా తనదేనన్నాడు. ఎందుకు కలిశాడో అప్పుడు ఎవరూ అడగలేదు.

ఆ పనికి ఫోల్డర్లు గీయమని మేడం సుద్దముక్క నా చేతికిచ్చారు. నేను గోడ వైపు తిరిగేలోపే, "ఆగు. ముందుగాల మీ గడి గీయి" అన్నారు.

"మా గడి ఎందుకు?"

"గీయి చెప్త."

అందరూ చూస్తున్నారు. వద్దంటే దాచుకున్నట్టుంటుంది, గీస్తే పరిచినట్టుంటుంది. గీశాను. మొదటి దర్వాజ, లోపల ఆకిలి, రెండు పక్కలా అరుగులు, రెండో దర్వాజ, దాని వెనక కచేరి గది, వడ్ల గదులు, ఆ లోపల ఆడవాళ్ల గదులు, వంటిల్లు. గీతలన్నీ తిన్నగా వచ్చాయి.

"దొరా, పాయిఖాన ఏది? గీయలే" అన్నాడు గంగాధర్.

మేడం అతడి వైపు చూడలేదు. గోడ దగ్గరికి వచ్చి మొదటి దర్వాజ మీద వేలు పెట్టారు. "ఊరోళ్లు?"

"ఆకిట్ల దాక వస్తుండిరి."

"గాజులమ్మే ఆమె వస్తే?"

ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. "రెండో దర్వాజ కాడ ఆగుతుండె. లోపల్నుంచి పనామె వచ్చి ఏం కావాల్నో అడిగి తీస్కపోతుండె."

"గంతే. సమజైందా అందరికి?" అన్నారు మేడం. సుద్దముక్క తీసుకొని మా ఆకిట్లో 'పబ్లిక్' అని రాశారు. వెబ్‌సైటు చూడవచ్చినవాడెవడైనా ఆ ఒక్క ఫోల్డరులోకే రావాలి. అందులో బొమ్మలూ రంగుల ఫైళ్లూ, అడిగిన మాట లోపలికి చేరవేసే ఒకే ఒక్క ఫైలూ ఉంటాయి. ఆ ఫైలే రెండో దర్వాజ దగ్గరి పనామె. అసలు ప్రోగ్రాము, పాస్‌వర్డులు, ఆసాముల ధరలు అన్నీ దర్వాజకు అవతలి ఫోల్డర్లలో ఉంటాయి, బయటి మనిషి వాటిని నేరుగా తెరవలేడు. మా కచేరి గదిలో 'ప్రోగ్రాము' అని, వడ్ల గదిలో 'ధరలు' అని, తాత పడకగది అని నేను చెప్పిన చోట 'తాళాలు' అని రాశారు. పాఠం ఇంత సులువుగా ఇంకెవరూ చెప్పలేరు. కానీ ఆ క్షణాన నాకు పాఠం వినిపించలేదు. మా ఇల్లు నలుగురి ముందు గోడకెక్కిందన్నదే వినిపించింది. ఆ పైన చీపురు నా చేతికొచ్చింది. మా తాత కచేరి గదిని తడిగుడ్డతో తుడిచి, పొడిగా రాలిన ఆ గడిని ఊడ్చి ఎత్తాను. నా నడుము వంగిందే కానీ తల వంగలేదు.

మర్నాడు టీ తాగేటప్పుడు గంగాధర్ అసలు మాట చెప్పాడు. "నీకు తెల్వదా? మేడం వాళ్ల నాయినమ్మ గాజులమ్మేది. జగిత్యాల సంది గాజుల మలారం నెత్తిన పెట్టుకొని మీ దిక్కు ఊర్లన్ని తిరిగేదంట. మీ గడికి గూడ వస్తుండెనట."

అప్పటి నుంచి ప్రతిదీ నాకు వేరుగా కనిపించసాగింది. ఊరి పేరు విని ఉద్యోగమివ్వడం, గోడ మీద గడి గీయించడం, గాజులామెను ఎక్కడ ఆపారని నా నోటితోనే చెప్పించడం, చీపురు ఇవ్వడం. అన్నీ కలిపి చూస్తే ఒక లెక్క కుదిరింది. నా కుర్చీ మెట్లకు ఎదురుగా ఎందుకు వేశారు? వచ్చిన ప్రతివాడూ మొదట నన్ను చూసి, మేడం ఉన్నారా అని అడగాలనా? రెండో దర్వాజ దగ్గరి పనామెను చేశారా నన్ను? ఆమె మెచ్చుకుంటే దాని వెనక ఏముందోనని చూసేవాణ్ణి, తప్పు దిద్దితే దాని వెనకా చూసేవాణ్ణి. పని మానేద్దామంటే చేతిలో ఇంకో దారి లేదు. మానేస్తే పారిపోయినట్టు, ఉంటే లొంగినట్టు. ఉండిపోయాను, కాచుకొని.

ఒక మధ్యాహ్నం బస్టాండు దగ్గరి టీ హోటల్లోకి వెళ్తే ఆ పెద్ద సేటు నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. "రా దొరా, కూసో. మీ తాత ముంగట మా నాయిన చెప్పులిడిసి నిలవడుతుండె" అన్నాడు. చాయ్ తెప్పించాడు. నెమ్మదిగా విషయానికి వచ్చాడు. వెబ్‌సైటులో అందరికీ తెరుచుకునే చోట, ఎవరికీ తట్టని పేరుతో ఒక చిన్న ఫోల్డరు పెట్టాలి. ఆసాములు చెప్పే ధరలన్నీ ఏ రోజుకారోజు అందులో పడాలి. దాని చిరునామా తనకొక్కడికి చెప్తే చాలు. తన మేనల్లుడికి కంప్యూటర్లు తెలుసట, ఇది గంట పని అన్నాడట.

"మేడంకు చెప్పాల్నా?" అన్నాను.

"ఆమెకెందుకు? గసొంటి ఇంట్ల పుట్టి, రెండో దర్వాజ దాటనీయని గాజులోళ్ల మనుమరాలి కింద చేస్తున్నవ్. నాకైతే చూడబుద్ధి కాదు. జగిత్యాలల నేనో ఆఫీసు తెరుస్తున్న. గాడ పెద్ద కుర్చీ నీదే."

నేను ఆలోచిస్తానని చెప్పి లేచాను. లంచం గురించి కాదు ఆలోచించింది. ఆ ఊళ్లో నన్ను చూసి ఎవరూ లేవరు. లేచినవాడికి ఏదో కావాలి, లేదా ఎవరో లేవమని చెప్పి ఉండాలి. రెండో దర్వాజ అన్న మాట ఇతడి నోటికి ఎలా వచ్చింది? అది మా నల్లగోడ ముందు పుట్టిన మాట. సాంచాల చప్పుడు వినిపించే దూరానికి వచ్చేసరికి నాకు తేలిపోయింది. ఇదంతా మేడం పెట్టిన పరీక్ష. గడి దొర మనుమడు పెద్ద కుర్చీకి ఎంత తొందరగా వంగుతాడో చూడాలని.

మెట్లెక్కి నేరుగా ఆమె బల్ల ముందు నిలబడ్డాను. "సేటును మీరే పంపిండ్రు కదా, మేడం."

"ఏ సేటు?"

చెప్పాను, ఒక్క మాట వదలకుండా. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నిన్ను పరీక్ష పెట్టెతందుకు సేటును పంపిన్నా? నా కాడ గంత ఖాళీ ఉన్నదా?"

"రెండో దర్వాజ ముచ్చట అతనికెట్ల తెల్సింది?"

"గంగాధర్ చెప్పని చాయ్ హోటల్ ఉన్నదా ఈ ఊర్ల?" అన్నారు. గది అవతలి కొసలో గంగాధర్ ఏదో వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు. మేడం నవ్వలేదు. "ఒక్క మాట చెప్పు. నేను పంపలేదని ముందే తెలిస్తే చేస్తుంటివా?"

నాకు చురుక్కుమంది. "మా ఇంటికి దొంగ దర్వాజ లేదు మేడం" అన్నాను.

"ఉండె" అన్నారు ఆమె.

కింద సాంచాలు ఆడుతున్నాయి. బల్ల మీద ఆమె టీ వణుకుతూ ఉంది. ఆమె గొంతు తగ్గించి చెప్పారు. "మీ తాత ఇంట్ల ఉన్న రోజు మా నాయినమ్మ రెండో దర్వాజ కాడనే మలారం దించేది. లేని రోజు ఎనుక సందుల నుంచి ఒక చిన్న తలుపు. మీ తాతను కన్న ముసలామె స్వయంగా వచ్చి గడియ తీసేదట. వంటింట్ల పీటేసి కూసోబెట్టి బువ్వ పెట్టేది. గాజులు తొడిపించుకుంట మస్తు సేపు మాట్లాడేది. మా నాయినమ్మ సచ్చేదాక గా ముచ్చట చెప్పింది. ఆపింది చెప్పింది, పిలిచింది గూడ చెప్పింది."

"నాకు తెల్వదు."

"ఎర్కే. గందుకే గీయమన్న, నీకు తెలుసో లేదో చూద్దామని. అన్ని గీసినవ్, గా తలుపు గీయలే. మీ తాతను గీయమన్నా గీయకపోతుండె. ఇల్లు ఎవ్వడు గీసినా గంతే, గీసినోనికి తెల్వని తలుపు ఒకటుంటది. నీకు అనుమానం మస్తున్నది, ఈ పనికి గది మంచిదే. కానీ పొద్దంత నన్ను అనుమానించుకుంట కూసున్నవ్. నువ్వు గీసిన దాన్ని అనుమానించు."

ఆ మాటతోనే ఆమె లేచి నల్లగోడ దగ్గరికి నడిచారు. ఆసాముల పని ఫోల్డర్లను మళ్లీ గీయమన్నారు. గీశాను. పబ్లిక్‌లో బట్టల ఫోటోల గడి దగ్గర ఆమె వేలు ఆగింది. "ఇందుల ఏమొస్తది?" ఫోటోలు, అందరూ చూసేవే, అన్నాను. "ఫోటో ఎవరు తీస్తరు? ఎట్ల తీస్తరు? చూసినవా?" చూడలేదు. కిందికి వెళ్లి మల్లేశాన్ని ఒక బట్ట ఫోటో తీసి చూపించమన్నాను. అతడు తాను నేసిన చీర ఒకటి పరిచాడు, జేబులోంచి ఒక చిట్టీ తీసి దాని మీద ధర రాశాడు, గుండుసూదితో చీర కొంగుకు గుచ్చాడు, అప్పుడు ఫోను ఎత్తాడు.

"చిట్టీ ఎందుకు?" అన్నాను.

"గట్లనే తీస్తం సారూ. లేకుంటె ఏ చీరకు ఎంత చెప్పిన్నో నాకే యాదికుండదు. ఆసాములందరం గట్లనే."

మెట్లెక్కుతుంటే సంగతి అర్థమైంది. ధరలను ఎంత లోపలి గదిలో దాచినా, ఫోటోలో ధర ఆకిట్లోనే వేలాడుతుంది. సేటు నన్ను అడగాల్సిన పనే లేదు. ఆ తలుపు నా గీతల్లో ముందే తెరిచి ఉంది, మాలో ఎవరికీ తెలియదు. మేడంకు చెప్తే ఆమె గెలిచినట్టు చూడలేదు. "ఇగో, దొరికింది" అని మాత్రం అన్నారు, పోగొట్టుకున్న వస్తువు దొరికినట్టు. ఫోటోల గడిని రెండో దర్వాజ లోపలికి జరిపాం. ఫోటో ముందు అక్కడ ఆగుతుంది. చిట్టీ ఉన్న భాగాన్ని కోసేశాక మిగిలిన బొమ్మే పబ్లిక్‌లోకి వస్తుంది. సేటుకు మేడమే ఫోన్ చేసి కుదరదన్నారు. అతడు తన వాటా వెనక్కి తీసుకొని, ఊరంతా మమ్మల్ని గురించి అనాల్సినవన్నీ అన్నాడు. ఆసాములు తలా కొంత వేసుకొని పని నిదానంగా పూర్తి చేయించుకున్నారు. మల్లేశం సాంచాలు ఆగలేదు, మా గ్లాసుల్లో టీ వణకడమూ ఆగలేదు.

నేను మాత్రం అక్కడితో ఊరుకోలేదు. వెనక తలుపు మాట నిజమా అని చూడటానికి ఊరికి వెళ్లాను. ఒక గాజులామె చెప్పిందని మనుమరాలు చెప్పిన మాటను మా ఇంటి చరిత్రలో ఎలా చేర్చుకోను? గడి వెనక గోడ వానలకు కూలి రాళ్ల కుప్పయింది. అక్కడ తలుపు ఉండేదో లేదో చెప్పే గోడే లేదు. అక్కడి నుంచి మెట్‌పల్లిలో మా మేనత్త ఇంటికి వెళ్లాను. ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. కుశలప్రశ్నలయ్యాక, వంటింటి పక్కన సందులోకి చిన్న తలుపేమైనా ఉండేదా అత్తమ్మా అని అడిగాను. ఒలుస్తున్న చిక్కుడుకాయ ఆమె చేతిలో ఆగింది. నా వైపు చూసి, "నీకెవరు చెప్పిన్రు?" అంది. మళ్లీ చిక్కుడుకాయలు ఒలవసాగింది. మా ఇంటివాళ్లకు అంతకంటే పెద్ద ఒప్పుకోలు రాదు.

ఆ తర్వాత కూడా చాలాకాలం ఆమె దగ్గరే పనిచేశాను. ఆమె బిడ్డ పెండ్లి కోరుట్లలో పెట్టుకున్నారు. కార్డు మీద హాలు పేరు చూశాను, మా దర్వాజ ఉన్న హాలే. ఆ పట్టణంలో ఎన్ని హాళ్లు లేవు, ఇదే ఎందుకు? పోకూడదనుకున్నాను, పోకపోతే ఆమె ఏమనుకుంటారోనని పోయాను. మేడం వాకిట్లోనే నిలబడి వచ్చినవాళ్లను పలకరిస్తున్నారు. ఆమె వెనక మా దర్వాజ. వార్నిషు మీద వార్నిషు వేసి నల్లగా చేశారు కానీ, ముక్కు విరిగిన చిలుక అలాగే ఉంది. నేను దగ్గరికి వెళ్లేసరికి ఆమె పక్కన ఎవరూ లేరు.

"ఇది మొదటిదా, రెండోదా?" అని అడిగారు.

"రెండోది."

ఆమె దాని మీద అరచేయి పెట్టారు, తడి ఆరిందా అని గోడను చూసినట్టు. నేను ఏదో ఒక మాట కోసం కాచుకున్నాను. మా తాత గురించో, చీపురు గురించో, ఆమె నాయినమ్మ గురించో. ఆమె అరచేయి తీయలేదు. ఆ హాలు మాది కాదు, ఆ దర్వాజ ఇక మాది కాదు. అయినా ఇంటికొచ్చిన మనిషి వాకిట్లో నిలబడి ఉంటే మా ఇంట్లో అనే మాటే నా నోటి వెంట వచ్చింది.

"లోపలికి రాండ్రి మేడం."

ఆమె నా వైపు తిరిగారు. "నా బిడ్డ పెండ్లికి నన్నే పిలుస్తున్నవా?" అన్నారు. నవ్వారు కానీ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. ముందు ఆమె నడిచారు, వెనక నేను. ఆ హాలు కావాలనే ఎంచుకున్నారా, దొరికింది కాబట్టి తీసుకున్నారా అన్నది ఆమె పోయేదాకా అడగలేకపోయాను. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు. రెండో రకం జవాబును నా మనసు ఇప్పటికీ నమ్మదు.

కింద డ్రిల్లు ఆగింది. గ్లాసులో టీ కదలడం లేదు. మా ఆఫీసులోనూ ఒక గోడకు నల్లరంగు వేయించాను. తెర ఆపేసి లేచి, దాని మీద కొత్త పని గడులన్నీ నేనే గీశాను. పబ్లిక్, ప్రోగ్రాము, తాళాలు, జనం అప్పగించేవి ఆగే చోటు. అందరూ చూసి బాగుందన్నారు. నాకు ఆ మాట చాలదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, నేను గీయని తలుపు ఇందులో ఎక్కడుందో చెప్పమని వాళ్లను అడిగాను. వాళ్లు వెతుకుతూ ఉండగా చీపురు తీసుకొని, గోడ కింద రాలిన పొడి ఊడ్చాను.